ఇంటి పలుకునకు గ్రంథగౌరవము: పంజాబీ కవి భాయీ వీరసింగు



మొన్న బంధువుల యింటికి బారసాలకు పోయియుంటిని. బిడ్డను ఉయ్యాలలో పరుండబెట్టిరి. పేరంటాండ్రు చుట్టును చేరిరి. "ఎవరైన నొక జోలపాట పాడుడమ్మా" యని ఇంటిపెద్ద అడిగినది. మే మొకరి మొగ మొకరము చూచుకొంటిమే గాని ఎవ్వరికిని పాట నోటికి రాలేదు. తుదకు బిడ్డతల్లి తన చేతిఫోనునందు ఆంగ్లగీత మొకటి పెట్టి ఉయ్యాలప్రక్క నుంచినది. మూలను కూర్చున్న ముత్తవ్వ కొంతసేపు విని, మెల్లగా లేచి వచ్చి, ఉయ్యాల త్రాడు పట్టుకొని సన్నని గొంతుతో రెండు చరణములు పాడినది. బిడ్డ కన్నులు మూసినది. పాడలేకపోయినవారిలో నేనును ఒకతెనని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాను.

ఇంటికి వచ్చిన తరువాతను ఆ సంగతియే మనసున మెదలుచుండెను. భాషకు క్షీణదశ కచ్చేరీలలోను కళాశాలలలోను మొదలగునని మనము తలంచి, ప్రభుత్వమును నిందించి ఊరకుందుము. ప్రభుత్వము చేయదగినది చేయవలసినదే. కాని ఉయ్యాలకడ ఊడిపోయిన మాటను ఏ ప్రభుత్వము తిరిగి తెచ్చి యీయగలదు? అట్లే, కచ్చేరీ వెలివేసిన భాషను ఉయ్యాల నిలిపినచో ఆ భాషకు చావు లేదు. దీనికి దృష్టాంతముగా పంజాబీ భాష కథను, ఆ భాషకు తన జీవితమంతయు ధారవోసిన యొక కవిపండితుని కథను ఈ మాసము మీకు విన్నవింతును. ఆయన పేరు భాయీ వీరసింగు. భాయీ యనగా సోదరుడు. సిక్కులు తమలోని విద్వాంసులను, భక్తులను గౌరవముతో నట్లు పిలుతురు.

పంజాబనగా అయిదు నదుల నాడు. ఆ నేలయందు పాటకు కొదవ లేదు. పదునెనిమిదవ శతాబ్దమునందు బుల్లేషా, వారిస్ షా అను ముస్లిము కవులు పంజాబీయందే కవిత్వము చెప్పిరి. వారిస్ షా 1766 ప్రాంతమున రచించిన హీరు రాంఝాల ప్రేమకథను హిందువులు, సిక్కులు, ముస్లిములు అను భేదము లేక అందఱును పాడుకొనిరి. అయినను ఈ భాషకు రాజద్వారమునందు ప్రవేశము లభింపలేదు. రణజిత్ సింగు మహారాజు మాటలాడినది పంజాబీయే. కాని ఆయన దర్బారులోని వ్రాతకోతలు పారసీకభాషయందు జరిగెను. 1849లో ఆంగ్లేయులు పంజాబును తమ రాజ్యమున కలుపుకొనిరి. పిదప కొలది సంవత్సరములలో కచ్చేరీలకును పాఠశాలలకును ఉర్దూను ఏర్పఱచిరి. పంజాబీ పల్లెటూరి మాండలికమేగాని పాలనకు తగిన భాష కాదని అధికారులు తలంచిరి.

కనుక ఉద్యోగము కావలసిన పురుషుడు ఉర్దూ నేర్చెను. సిక్కు పండితుడుగూడ గ్రంథము వ్రాయవలసివచ్చినప్పుడు గురుముఖి లిపిలో వ్రజభాషను వ్రాసెను. ఇక పంజాబీ మిగిలిన చోటేది? నూతిదరిని, పొయ్యికడ, ఉయ్యాలకడ, రాట్నములకడ. పంజాబు పల్లెలలో ఆడువారు పలువురు ఒకచోట చేరి రాట్నములు త్రిప్పుచు పాడుకొను కూటమును త్రింజణమందురు. కన్నవారింటి బెంగ, అత్తవారింటి కష్టము, సోదరునిపై ప్రేమ, సైన్యమునకు పోయిన మగనికై యెదురుచూపు, ఇవియన్నియు ఆ కూటములలో పాటలైనవి. పురుషులు బయటి లోకమునందు ఏ భాష మాటలాడినను, ఇల్లు చేరి "అమ్మా, ఆకలి" యని చెప్పినది ఈ భాషయందే. ఇట్లు దర్బారు కాదన్న పలుకును త్రింజణము కాపాడినది.

ఇట్టి కాలమున, 1872 డిసెంబరు 5వ తేదీని, అమృతసరమునందు వీరసింగు జన్మించెను. తండ్రి డాక్టరు చరణసింగు వైద్యుడు, సాహిత్యప్రియుడు. మాతామహుడు గ్యానీ హజారాసింగు గొప్ప పండితుడు. సిక్కుల పవిత్రగ్రంథమునకు నిఘంటువు కూర్చినవాడు. పారసీక కవియగు సాదీ కృతులను పంజాబీలోనికి తెచ్చినవాడు. బాలుడగు వీరసింగు ఆ తాతగారి యొడిలో భాషయొక్క లోతును, ఇంటి స్త్రీల నోట దాని తియ్యందనమును తెలిసికొనెను.

ఆయన చదివినది అమృతసరములోని క్రైస్తవమిషను ఉన్నతపాఠశాల. 1891లో ప్రవేశపరీక్షయందు జిల్లాకంతటికి మొదటివాడుగా ఉత్తీర్ణుడయ్యెను. ఆ దినములలో అట్టి యువకునకు సర్కారు ఉద్యోగము చేతికందు పండు. తహసీలుదారు పదవికి పోదగినవాడని పదిమందియు తలంచియుందురు. కాని ఆయన ఉద్యోగమునకు పోలేదు. పదునేడవ యేట చతర్ కౌరు అను కన్యను వివాహమాడి గృహస్థుడైన ఆ యువకుడు, 1892లో తండ్రికి మిత్రుడగు వజీరుసింగుతో కలిసి వజీర్ హింద్ ముద్రణాలయమును స్థాపించెను. మొదట అది శిలాముద్రణాలయము. సంసారభారము మీదనున్నవాడు, ఎవ్వరును కొనని భాషలో పుస్తకములు అచ్చువేయుటకు పూనుకొనుట సాహసమే కదా!

ఈ సాహసమునకు వెనుక నొక సాంఘికోద్యమమున్నది. 1873లో అమృతసరపు మిషను పాఠశాలలోని నలుగురు సిక్కు విద్యార్థులు క్రైస్తవమతము పుచ్చుకొందుమని ప్రకటించిరి. సిక్కు పెద్దలు ఉలిక్కిపడిరి. తమ బిడ్డలకు తమ ధర్మమును, తమ చరిత్రమును తెలియజెప్పుటకు తమ భాషలో చదువదగిన పుస్తకము లేదని గ్రహించిరి. ఆ సంవత్సరమే సింగుసభ యను సంఘమును నెలకొల్పిరి. 1879లో లాహోరునందును అట్టి సభ వెలసెను. పాఠశాలలు పెట్టిరి, పత్రికలు నడపిరి. 1892లో ఫిరోజుపురమునందు భాయీ తఖ్త్ సింగుగారు బాలికలకు ప్రత్యేకముగా సిక్కు కన్యామహావిద్యాలయమును స్థాపించిరి. కొంతకాలమునకు ఆ విద్యాలయమునుండి "పంజాబీ భైణ్" అను స్త్రీల పత్రిక వెలువడెను. పంజాబీ సోదరి యని దాని యర్థము. మన పత్రికవంటి పత్రికయే యనుకొనుడు!

బాలికలు అక్షరములు నేర్చిరి. సరే, చదువుటకు ఏమున్నది? ఈ ప్రశ్నకు సమాధానమే వీరసింగుగారి జీవితము. 1894లో ఆయన ఖాల్సా ట్రాక్టు సంఘమును స్థాపించి, చిన్న చిన్న పొత్తములను సులభమైన పంజాబీలో వ్రాసి ప్రచురింపసాగెను. మూఢాచారములు, మద్యపానము, స్త్రీవిద్య, శుచి, సత్యము, భక్తి, ఇట్టివి వానిలోని విషయములు. 1899లో "ఖాల్సా సమాచార్" అను వారపత్రికను ఆరంభించెను. పండితులకుమాత్రమే తెలియు వ్రజభాషను విడిచి, తల్లి బిడ్డతో మాటలాడు పలుకుబడిని పత్రిక కెక్కించెను. వాక్యము చిన్నది, మాట తెలిసినది, భావము పెద్దది. ఇదియే ఆయన పద్ధతి.

1898లో ఆయన "సుందరి" యను నవలను ప్రచురించెను. పంజాబీ భాషయందు మొదటి నవలగా దీనిని చెప్పుదురు. గ్రంథమునకు స్త్రీ పేరు. కథకు స్త్రీయే నాయకురాలు. పంజాబు ఆడువారు పాడుకొను నొక పాటయే ఈ కథకు బీజమని పండితులందురు. చూచితిరా, త్రింజణమునందలి పాట ముద్రణాలయమునకు నడచివచ్చినది!

కథ పదునెనిమిదవ శతాబ్ది నడుమ, సిక్కులు అడవులలో తలదాచుకొనిన కష్టకాలమునందు జరుగును. సురస్తి యను హిందూబాలిక అత్తవారింటికి పోవలసిన శుభసమయమున ఒక మొగలు అధికారి ఆమెను ఎత్తుకొనిపోవును. తండ్రియు మగడును వేడుకొనియు ఫలము గానరు. సిక్కుమతమునందు చేరియున్న అన్న ఆమెను విడిపించును. ఆమెయు దీక్ష పుచ్చుకొని, సుందరియై, అడవిలోని సిక్కువీరుల దండులో నివసించును. వారికి వంట చేయును, గాయములకు కట్లు కట్టును, గుఱ్ఱమెక్కును, కత్తి పట్టును. మొదట రక్షింపబడినదే పిదప ఇతరులను రక్షించునది యగును. తుదకు గాయపడి పడియున్న శత్రుసైనికునకు పరిచర్య చేయబోయి, వాని చేతి దెబ్బకే గుఱియై ప్రాణములు విడుచును.

ఈ కథను చదివినప్పుడు నాకు తోచిన విశేషమొకటి చెప్పెదను. సుందరి కత్తి పట్టినది గనుక వీరురాలని కవి చెప్పలేదు. ఆమె వండిన అన్నమును, కట్టిన కట్టును, శత్రువునకు పోసిన నీటిని గూడ శౌర్యములోనే లెక్కించెను. సిక్కుల లంగరునందు, అనగా అందఱును పంక్తిభేదము లేక కూర్చుండి భుజించు ధర్మవంటశాలయందు, వంట సేవయేగాని ఊడిగము కాదు. వంటింటి పనిని ఇంత గౌరవముతో కథ కెక్కించిన వాడు వంటింటి భాషయందే ఆ కథను వ్రాయుట ఎంత ఉచితము!

సుందరి వెనుక 1899లో "బిజయసింగు", 1900లో "సత్వంత్ కౌరు" మొదటి భాగము వచ్చెను. సత్వంత్ కౌరు ఆఫ్గను సైన్యము చేజిక్కి కాబూలునకు కొనిపోబడి, ధైర్యమునకును విశ్వాసమునకును భంగము రానీయక నిలిచిన స్త్రీ. తరువాత వ్రాసిన "బాబా నౌధ్ సింగు" నందు పాతయుద్ధములను విడిచి తన కాలపు పల్లెజీవితమును చిత్రించెను.

ఇక్కడ ఒక మాట దాచక చెప్పవలెను. ఈ నవలలు నేటి చదువరికి లోపరహితములుగా తోపవు. బోధ ఎక్కువ, పాత్రలయందు మంచివారు మిక్కిలి మంచివారు, చెడ్డవారు మిక్కిలి చెడ్డవారు. మొగలు పాలకుల క్రౌర్యమును చిత్రించుటలో ఆయన వాడిన నల్లరంగు, అన్యమతస్థులందఱికిని అంటునట్లు కొన్నిచోట్ల పడినది. తన జాతికి ఆత్మవిశ్వాసము కలిగింపవలెనను తొందరలో కవి చేసిన పని యిది. పంజాబీ సిక్కులది మాత్రమే యను భావము ప్రబలిన పిదప, ఆ భాషనే తల్లినోట నేర్చిన హిందువులును ముస్లిములును దానికి దూరమైరి. దాని ఫలము ఆ దేశము పిమ్మట అనుభవించినది. మహనీయుని గౌరవించుట యనగా ఆయన పొరపాటును మఱచుట కాదు కదా.

అయినను ఆయన ముద్రణాలయపు తలుపు ఎల్లరకును తెఱచియేయుండెనని చెప్పుటకు ఒక నిదర్శనమున్నది. ధనీరాము చాత్రిక్ అను హిందూ యువకుడు పొట్టకూటికై వజీర్ హింద్ ముద్రణాలయమునందు వ్రాయసకాడుగా చేరెను. వీరసింగుగారి సాన్నిధ్యమున కవియయ్యెను. పంజాబు పొలములను, తిరునాళ్లను, సామాన్యుల సుఖదుఃఖములను పాడి మహాకవులలో నొకడని పేరందెను. గురుముఖి అచ్చక్షరములను అందముగా తీర్చుటయందును ఆయన కృషిచేసెను. ఒక భాష బ్రతుకుటకు కవియొక్కడే చాలడు. అక్షరము పోతపోయువాడును కావలెను.

మఱియొకరు పూరణసింగుగారు. జపానుదేశమునకు పోయి రసాయనశాస్త్రము చదివి, అనేక మార్గములలో శాంతిని వెదకుచు తిరుగుచుండిన ఈయన 1912లో సియాలుకోటునందు జరిగిన సిక్కు విద్యామహాసభలో వీరసింగుగారిని దర్శించెను. ఆ పరిచయముతో ఆయన జీవితము మలుపు తిరిగెను. పిదప పంజాబీయందు స్వేచ్ఛాగీతములు వ్రాసి క్రొత్తదారి త్రొక్కెను. గురువుగారి గీతములను ఆంగ్లమునకు మార్చి 1924లో ప్రకటించి బయటిదేశములకు తెలియజేసెను.

వీరసింగుగారి కావ్యములలో పెద్దది "రాణా సూరత్ సింగు." 1905లో వెలువడినది. పండ్రెండువేలకు మించిన పాదములతో, అంత్యప్రాస విడిచిన ఛందమున వ్రాయబడినది. పేరు రాజుదియేగాని కథ రాణీది. యుద్ధమున మగనిని గోల్పోయిన రాణీ రాజకౌరు దుఃఖమునుండి కావ్యము మొదలగును. రాజ్యము వలదు, లోకము వలదు, ప్రాణమే వలదని కుమిలిపోవు ఆమె క్రమముగా భగవచ్చింతనయందు ఊఱట గాంచి, అడవికి పోక, సింహాసనమును విడువక, ప్రజల క్షేమమునకు తిరిగి పూనుకొనును. వితంతువుకు లోకమున ఇక పనిలేదని తలంచు కాలమున, దుఃఖము దాటిన స్త్రీ చేతికి రాజ్యపాలన నప్పగించిన కావ్యమిది. మీలో భర్తృవియోగదుఃఖమెఱిగినవారు ఈ ఘట్టమును నాకంటె బాగుగ గ్రహింతురు.

పిదప ఆయన చిన్న గీతములవైపు మఱలెను. 1920ల తొలినాళ్లలో "మటక్ హులారే", "లహిరాఁ దే హార్" అను సంపుటములు వచ్చెను. కాశ్మీరపు సరస్సులు, జలపాతములు, శిథిలమైన గుడులు, తుమ్మచెట్టు, గడ్డిపూవు, ఇవి వస్తువులు. కొండచరియను ఆకుల మాటున పూచు నీలిపూవును గూర్చి ఆయన చెప్పిన గీతము ప్రసిద్ధము. తనను ఎవ్వరును చూడకున్న చాలునని, మఱుగుననే యుండి గాలిలో పరిమళము కలిసిన చాలునని ఆ పూవు కోరిక. ఇది పూవు కోరిక మాత్రమే కాదు, కవి స్వభావము. ఆయన సభావేదిక లెక్కి ప్రసంగించువాడు కాడు. తొలి రచనలపై తన పేరైనను వేసికొనలేదు. ఊరంతయు చదివిన పుస్తకమునకు కర్త యెవరో ఊరికి తెలియకపోవుట ఎంత విచిత్రము! ఈ కాలమున మనము నాలుగు పంక్తులు వ్రాసిన వెంటనే పది మెప్పులకై యెదురుచూచుచుందుము.

కవిగా ఇంత చేసినవాడు పండితుడుగాను అంత చేసెను. రత్నసింగు భంగూ వ్రాసిన "పంథ్ ప్రకాశ్" అను చరిత్రకావ్యమును వెదకి 1914లో అచ్చువేయించెను. గురు గోవిందసింగుగారి చరిత్రమును 1925లో వెలువరించెను. ఆ గురువుగారు 1708లో దేహము చాలించినది మన గోదావరీతీరమందలి నాందేడునందే. ఆ పుణ్యస్థలము ఒకప్పుడు హైదరాబాదు రాజ్యములోనిదేయని మీకు జ్ఞాపకముండును. తాతగారి నిఘంటువును సరిచూచి పెంచి 1927లో మఱల ముద్రించెను. సంతోఖసింగు రచించిన "సూరజ్ ప్రకాశ్" అను మహాగ్రంథమును పీఠికతోను వివరణలతోను 1926 మొదలు 1935 వఱకు పదునాలుగు సంపుటములుగా ప్రకటించెను. ఒక్కొక్క పదమునకు అర్థము నిర్ణయించుట, ఒక్కొక్క ప్రతిని పోల్చిచూచుట ఎంతటి ఓర్పుతో గూడిన పనియో! మన యిండ్లలో బియ్యము ఏరునట్లు, తొమ్మిది సంవత్సరములు ఆయన అక్షరములు ఏరెను.

పుస్తకములతోనే ఆయన తృప్తిపడలేదు. 1902లో ఏర్పడిన చీఫ్ ఖాల్సా దివాన్ అను ధర్మసంస్థయందును, 1908లో మొదలైన సిక్కు విద్యామహాసభయందును ఆయన పూనిక ముఖ్యమైనది. 1904లో అమృతసరమున అనాథశరణాలయము వెలసెను. పిదప అంధులకు ఆశ్రమమును, పేదలకు హోమియోపతి వైద్యశాలయు ఏర్పడెను. ఆ ముద్రణాలయపు యజమాని భాషను ప్రేమించుట యనగా ఆ భాష మాటలాడు దిక్కులేనివారిని ప్రేమించుటయు నని ఎఱిగినవాడు. అమృతసరమునందు లారెన్సురోడ్డులోని ఆయన యిల్లు ఇప్పుడు స్మారకభవనముగా నున్నది. పూలతోటయన్న ఆయనకు ప్రాణము. ఆ తోటలోని పూలు స్వర్ణమందిరమునకు నిత్యము పోవుచుండెను.

వార్ధక్యమున ఆయన యెదుటనే పంజాబు రెండుగా చీలెను. 1947లో లాహోరు ఆవలికి పోయెను, అమృతసరము ఈవల మిగిలెను. రెండు నగరములకును నడుమ దూరము ముప్పది మైళ్లకు కొంచె మెక్కువ. ఆ కొద్దిదూరమునందు ప్రవహించిన రక్తమును, కన్నీటిని ఎవరు కొలువగలరు? రెండువైపుల ఏడ్చిన తల్లులు ఒక్క భాషయందే ఏడ్చిరి.

గౌరవములు ఆయనను ముదిమియందు వెదకికొని వచ్చినవి. 1949లో పంజాబు విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమునిచ్చెను. 1952లో పంజాబు శాసనమండలికి నియమింపబడెను. 1953లో, ఎనుబదియవ యేడు దాటిన పిదప, "మేరే సాయియాఁ జీఓ" అను గీతసంపుటిని ప్రకటించెను. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. అకాడమీ బహుమానములు మొదలైన సంవత్సరమది. పంజాబీకి వచ్చిన మొదటి బహుమానమది. 1956లో పద్మభూషణ బిరుదము వచ్చెను. 1957 జూను 10వ తేదీని అమృతసరమునందే ఆయన పరమపదించెను. హైదరాబాదునందు జన్మించిన కవి హరీంద్రనాథ చట్టోపాధ్యాయులవారు ఆయనను పంజాబునకు ఆఱవ నదియని కొనియాడిరని చెప్పుదురు. అయిదు నదుల నాటికి ఇంతకంటె తగిన ప్రశంస యేమున్నది?

1955 అనగానే తెలుగువారమైన మనకు మఱియొక పేరు స్ఫురింపవలెను. ఆ సంవత్సరముననే తెలుగునకు మొదటి అకాడమీ బహుమానము "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" కు వచ్చెను. దాని కర్త సురవరము ప్రతాపరెడ్డిగారు అప్పటికి రెండు సంవత్సరములకు ముందే స్వర్గస్థులైరి. నిజాముపాలనలో సర్కారుభాష ఉర్దూ. తెలుగు ఇంటిలో మాటలాడు భాష. తెలంగాణములో కవులే లేరని ఎవరో అనగా, ఆయన గ్రామగ్రామమునుండి పద్యములు తెప్పించి 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" ను ప్రకటించెను. అమృతసరమున ఒకరు, హైదరాబాదున ఒకరు. ఇరువురును ఒక పత్రికను, ఒక ముద్రణాలయమును, కొండంత ఓర్పును నమ్ముకొనిరి. ఇరువురును ఉర్దూను ద్వేషింపలేదు. తల్లిభాషకు ఇంట అన్నము పెట్టినట్లే వీథియందు ఆసనమును వేయవలెననిరి.

పంజాబీకి ఆ యాసనము చాల ఆలస్యముగా లభించినది. 1962లో పటియాలాయందు పంజాబీ పేర విశ్వవిద్యాలయము వెలసెను. 1966లో భాషననుసరించి పంజాబురాష్ట్రము ఏర్పడెను. మఱుసటి సంవత్సరమున పంజాబీ అధికారభాష యని శాసనమాయెను. సరిహద్దునకు ఆవల పాకిస్తానునందు పంజాబీ మాటలాడువారి సంఖ్య మన పంజాబునందుకంటె మిక్కిలి యెక్కువ. అయినను అక్కడ బిడ్డలకు బడిలో చదువు ఉర్దూలోను ఆంగ్లములోనే. ఇక ఈవల, శాసనము గెలిచిన చోటనే, ఎన్నియో పట్టణపు టిండ్లలో తల్లులు బిడ్డలతో హిందీలోనో ఆంగ్లములోనో మాటలాడుచున్నారని ఆ భాషాభిమానులు వగచుచున్నారు. సింహాసనము లేనినాడు ఇల్లు కాపాడిన భాషను, సింహాసనము దొరకిననాడు ఇల్లే విడుచుట ఎంతటి విపరీతము! మన బారసాలలో జరిగినదియు ఇదియే కదా.

ముగించుటకు ముందు మీ మనసునకు సంతోషము కలిగించు సంగతి యొకటి చెప్పెదను. 1955లో పంజాబీకి మొదటి బహుమానము వీరసింగుగారికి వచ్చెనంటిని. మఱుసటి సంవత్సరము, 1956లో, రెండవ బహుమానము ఎవరికి వచ్చినదో తెలియునా? అమృతాప్రీతమ్ అను కవయిత్రికి. సాహిత్య అకాడమీ బహుమానము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1947 నాటి ఘోరమును చూచి, పూర్వకవియగు వారిస్ షాను సమాధినుండి పిలిచి పంజాబు ఆడుబిడ్డల గోడు వినిపించినది ఈమెయే. ఆడువారి నోటనుండి తీసికొన్న పలుకును వృద్ధకవి గ్రంథమున నుంచెను; ఆ గ్రంథభాషను ఆడుబిడ్డ మఱల తన చేతికి తీసికొని లోకమునకు వినిపించెను. అప్పు తీరినది.

మనవంతు సంగతియేమి? నవలలు వ్రాయుడని, ముద్రణాలయములు పెట్టుడని నేను చెప్పబోను. ఒక్క నోటుపుస్తకము తీసికొనుడు. మీ అమ్మమ్మకో, నాయనమ్మకో, ఎదురింటి అవ్వకో వచ్చిన జోలపాటను, పెండ్లిపాటను, రోకటిపాటను, సామెతను అడిగి వ్రాసికొనుడు. ఆమె పలికినట్లే వ్రాయుడు, దిద్దవలదు. వ్రాసికొన్న దానిని పెట్టెలో దాచక, ఇంట పసివారుండిన వారికి పాడి వినిపింపుడు; గొంతు బాగుగ లేదని సంకోచింపవలదు. నేను మొన్ననే మఱల ఆ యింటికి పోయి ముత్తవ్వ చెంత కూర్చుండి ఆ జోలపాటను పూర్తిగా వ్రాసికొని వచ్చితిని. మొత్తము తొమ్మిది చరణములు. రెండు చరణములకు మించి ఆమెను ఇంతవఱకు అడిగినవారు లేరట.

మీరు సేకరించిన పాటలను మాకు వ్రాసి పంపుడు. వచ్చే మాసము ఈ పుటలయందే మాటలాడుకొందము.